ఫైటేజ్ వేస్తున్నా పందిపిల్లలు కుంటుతున్నాయి, ఎక్కడ తప్పు?

షెడ్డు_మెట్ట: రాత్రి రెండింటి దాకా లెక్కలేసి తల వాచిపోయింది. టి-17 అనే సంకరజాతి పిల్లలు 22, ఒక్కోటి 30–35 కిలోలు. దాణా సొంతంగానే కలుపుతా. క్వింటాలుకి మొక్కజొన్న 40, నూనె తీసిన తవుడు 35, సోయా చెక్క 21, రాయి గ్రిట్టు (సున్నపురాయి నలుసులు) 3, మిగతాది ఉప్పు, మినరల్ మిక్చర్. ఫైటేజ్, అదే గింజల్లోని భాస్వరాన్ని విడగొట్టే ఎంజైము పొడి, వేస్తే డీసీపీ (భాస్వరం కోసం వేసే డైకాల్షియం ఫాస్ఫేట్) అక్కర్లేదని మందుల షాపులో చెప్తే నెల కిందట మానేశా. ఫైటేజ్ డబ్బా మీదున్నట్టే క్వింటాలుకి 10 గ్రాములు వేస్తున్నా. ఇప్పుడు ఆరు పిల్లలు వెనక కాళ్లు ఈడుస్తున్నాయి. గోడ సున్నం నాకి నాకి ఇటుక బయటపెట్టాయి. డబ్బా నకిలీదంటారా?

చెరువుగట్టు: ముందు మీ పేడ నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పండి. గింజల్లో ఉన్న భాస్వరంలో మూడింట రెండొంతులు ఫైటేట్ రూపంలో ఉంటుంది. పందికి దాన్ని విడగొట్టే ఎంజైము చాలినంత ఉండదు, అంతా పేడలోకే. అది చెరువులోకి దిగితే గుర్రపుడెక్క పండగే. మా ఊరి చెరువు చూస్తే...

షెడ్డు_మెట్ట: అన్నా, చెరువు సంగతి తర్వాత. పిల్ల లేవట్లేదు.

కిట్టు77: ఉడికిస్తున్నావా?

పాత_కాంపౌండర్: జ్వరం చూశారా? కుంటినదల్లా భాస్వరం లోపం కాదు, కీళ్ల జబ్బులూ ఉన్నాయి. డాక్టరుకి చూపించండి. షెడ్డులోకి ఎండ పడుతుందా? డి విటమిన్ లేకపోతే...

ఫీడ్‌మిల్లు_బాబాయ్: డబ్బా మీద పడకు తమ్ముడూ, గ్రిట్టు చూడు. మూడు కిలోల గ్రిట్టుతోనే దాణాలో కాల్షియం 1.1 శాతం దాటింది. కోడిపెట్టకి గుడ్డు పెంకు కావాలి కాబట్టి సరే, పందిపిల్లకి ఎందుకంత? కాల్షియం ఎక్కువైతే ఫైటేట్‌ని పట్టేసుకుంటుంది, ఎంజైము దాని జోలికి పోలేదు. గ్రిట్టు కిలోన్నరకి దించు. డీసీపీ అరకిలో మళ్లీ వెయ్యి. మొత్తం ఒకేసారి తీసెయ్యమని చెప్పినవాడు పందుల్ని మేపి ఉండడు.

చెరువుగట్టు: మళ్లీ డీసీపీనా? తవుడులో భాస్వరం బోలెడుంది కదా!

ఫీడ్‌మిల్లు_బాబాయ్: ఉంది, బీరువాలో డబ్బున్నట్టు. తాళంచెవి ఫైటేజ్.

పాత_కాంపౌండర్: “మొత్తం భాస్వరం” వేరు, “అందే భాస్వరం” వేరు. రెండూ కలిపేసి మాట్లాడితే ఎలా?

చెరువుగట్టు: అందేదంటే అరిగేదా, వాడుకునేదా? అవి కూడా ఒకటి కాదు సార్.

కిట్టు77: ఉడికిస్తున్నావా అని అడిగా.

షెడ్డు_మెట్ట: ఆ, తవుడూ మొక్కజొన్నా డ్రమ్ములో ఉడకబెట్టే పోస్తాం, అందరూ చేసేదేగా. ఫైటేజ్ పొడి ఆ తెర్లే నీళ్లలోనే వేసేస్తా, బాగా కలుస్తుందని.

కిట్టు77: అదీ సంగతి. ఎంజైము ఉడికిపోయింది. దాణాని గుళికలు చేసే పెల్లెట్ మిల్లులో 80 డిగ్రీలు దాటితేనే పూత లేని ఫైటేజ్ దెబ్బతింటుంది. నీది తెర్లే నీళ్లు.

ఫీడ్‌మిల్లు_బాబాయ్: ఇంత మాట మొదట చెప్పి ఉంటే నాకు టైపింగు తప్పేది! చల్లారి, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలేటప్పుడు కలుపు. పది గ్రాములు క్వింటాల్లో నేరుగా చల్లితే ఒక మూలే ఉంటుంది. ముందు రెండు కిలోల పిండిలో, తర్వాత ఇరవైలో, ఆ తర్వాత మొత్తంలో. గ్రాముకి 5000 యూనిట్ల పొడేనా? అయితే కిలో దాణాకి 500 పడుతుంది, చాలు.

షెడ్డు_మెట్ట: 5000దే. డబ్బా పొయ్యి పక్కన అటక మీద పెట్టా...

కిట్టు77: 🤦

షెడ్డు_మెట్ట: _(పన్నెండు రోజుల తర్వాత)_ కొత్త డబ్బా తెచ్చా, చల్లార్చాకే కలుపుతున్నా. డాక్టరుగారు జ్వరం లేదన్నారు. నాలుగు బాగానే నడుస్తున్నాయి, రెండింటికి ఇంకా ఈడుపు ఉంది. గోడ మానేశాయి. థాంక్సు కిట్టూ.

చెరువుగట్టు: మరి పేడ నీళ్లు?

మేఘన_ఫామ్: అన్నా, టి-17 పిల్లలు ఎక్కడ తెచ్చారు? జత ఎంత పడింది?