రిసార్ట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ కావాలని ముందే రాసినా ఇవ్వలేదు, మరి ఆ రిక్వెస్ట్ డబ్బా ఎందుకు?

మిర్చియార్డ్_రావు (గుంటూరు):
బాపట్ల అవతల బీచ్ దగ్గర ఒక ప్రైవేట్ రిసార్ట్. పేరు రాయను, రాస్తే అడ్మిన్ గారు పోస్టు లేపేస్తారు. శనివారానికి రెండు రూములు బుక్ చేశా. మా అమ్మకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయినయి, మెట్లు దిగాలంటే ప్రాణం మీదకొచ్చిద్ది, అందుకని యాప్‌లో స్పెషల్ రిక్వెస్ట్ అని ఒక డబ్బా ఉంటది కదా, అందులో గ్రౌండ్ ఫ్లోర్ కావాలి, రెండు రూములూ పక్కపక్కన ఉండాలి అని రాశా, అది చాలదని ముందు రోజు ఫోన్ కూడా చేశా, "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు. తీరా పోతే ఒక రూమేమో మొదటి అంతస్తు, రెండోదేమో వెనక బ్లాకులో జనరేటర్ పక్కన. లిఫ్ట్ లేదు. ఇదేందయ్యా అంటే "సబ్జెక్ట్ టు అవైలబిలిటీ సార్" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఇచ్చే ఉద్దేశం లేనప్పుడు ఆ డబ్బా ఎందుకు పెట్టినట్టు?

కృష్ణలంక_శీను:
ఆ డబ్బా చదివేవాడు ఎవడన్నా, అది మన తృప్తికి.

ఫ్రంటాఫీస్_పటమట (విజయవాడ):
చదువుతాం శీను గారూ. నేను హోటల్ ఫ్రంటాఫీసులోనే చేస్తా కాబట్టి లోపల ఏం జరిగిద్దో చెప్తా. మీరు కొనేది ఫలానా నంబరు రూము కాదు, కేటగిరీ. డీలక్స్ కొంటే డీలక్సుల్లో ఏదో ఒకటి, అంతవరకే మా మాట. నంబరు వేసేది చాలాసార్లు మీరొచ్చే రోజు పొద్దునే. నైట్ ఆడిట్, అంటే రాత్రి ఆ రోజు లెక్కలు మూసెయ్యడం, అయ్యాక అరైవల్ లిస్ట్ ప్రింట్ తీస్తాం, దాని చివర రిమార్క్స్ అని సన్నటి కాలమ్ ఉంటది, మీరు నాలుగు లైన్లు రాస్తే అందులో సగమే పడిద్ది. ముందు గ్రూపులకీ పెళ్ళివాళ్ళకీ వేస్తాం, వాళ్ళవి ఎప్పుడో బ్లాక్ అయి ఉంటయి. ఆల్రెడీ ఉన్నవాళ్ళు ఇంకో రోజు ఉంటామంటే వాళ్ళని లేపలేం. ఏసీ నీళ్ళు కారేవి, గోడ చెమ్మ పట్టినవి పక్కన పెడతాం. మిగిలిన వాటిలో హౌస్‌కీపింగ్ వాళ్ళు ఏది ముందు క్లీన్ చేసి ఓకే అంటే అది. చెక్‌ఔట్ 11 అని బోర్డు ఉంటది, ఫ్యామిలీలు సామాను సర్దుకుని కదిలేసరికి 12 దాటిద్ది, ఇవతల కొత్తగా వచ్చినవాళ్ళు రిసెప్షన్ సోఫాలో కూర్చుని మమ్మల్నే చూస్తుంటారు. వీకెండ్ వస్తే గ్రౌండ్ ఫ్లోర్ అడిగేవాళ్ళు ఉన్న రూములకి రెండింతలు. ఎవరికి ఇయ్యమంటారు?

బ్రాడీపేట_పద్మజ:
డబ్బులకి అమ్మండి, గొడవ వదిలిద్ది. విమానంలో కిటికీ సీటుకి తీసుకోట్లా? గ్రౌండ్ ఫ్లోర్ ఇంత, సీ వ్యూ ఇంత, లిఫ్ట్‌కి దూరంగా ఇంత అని పెట్టేస్తే కావాల్సినోళ్ళు కొనుక్కుంటారు. కాకపోతే ఇందులో ఒక తిరకాసు ఉంది, ఎవరూ చూసుకోరు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7500 లోపు రూముకి జీఎస్టీ 5 శాతం, 7500 దాటితే 18. రూము 7200 అనుకోండి, టాక్స్ 360, మొత్తం 7560. దాని మీద సీ వ్యూ అని ఒక్క 500 వేస్తే రూము 7700 అయిద్ది, టాక్స్ 1386, మొత్తం 9086. అంటే 500 వ్యూకి మీ జేబులోంచి పోయేది 1526. నేను ఈ టాక్సుల పనే చేస్తా కాబట్టి చెప్తున్నా.

బెంజిసర్కిల్_బుజ్జి:
వ్యూ గురించి నన్ను అడగండి. మన బెజవాడలో "రివర్ వ్యూ" అని ఒక లాడ్జిలో తీసుకున్నా మా బావమరిది పెళ్ళికి. ప్రకాశం బ్యారేజీకి పైన, భవానీ ద్వీపం వైపు అయితే నీళ్ళు నిలబడి ఉంటయి. వాడిచ్చింది బ్యారేజీ కింద. ఎండాకాలం. కర్టెన్ తీస్తే మైలు పొడుగునా ఇసుక, మధ్యలో గేదెలు. రివర్ మాత్రం వ్యూలో ఉంది, నీళ్ళే లేవు.

కృష్ణలంక_శీను:
2024 సెప్టెంబర్‌లో తీసుకోవాల్సింది బుజ్జన్నా, 11 లక్షల క్యూసెక్కులు పైనే చూపించేవాళ్ళు ఫ్రీగా.

మిర్చియార్డ్_రావు:
వ్యూ ఎవడిక్కావాలండీ, టాపిక్ మార్చకండి. పద్మజ గారూ, మా అమ్మ మెట్లెక్కలేకపోవడం నేను 500 పెట్టి కొనుక్కోవాలా? సముద్రం చూడాలన్న సరదాకీ, కాలు కదలకపోవడానికీ ఒకటే రేటు కార్డా?

బ్రాడీపేట_పద్మజ:
నేను అన్నది సరదా గురించే. మీకు కావాల్సింది గ్రౌండ్ ఫ్లోర్ అయినా కౌంటర్‌లో వాడికి తెలిసేది ఎట్టా? డబ్బు పెడితే తెలిసిద్ది. ఇంకో మాట, రెండు రూములు అన్నారు కదా, 7500 లెక్క ఒక్కో రూముకి విడివిడిగా చూస్తారు, బిల్లు మొత్తానికి కాదు. చాలామంది రెండూ కలిపి 18 వేశారని ఏడుస్తుంటారు, బిల్లు ఒకసారి చూడండి.

మిర్చియార్డ్_రావు:
బిల్లు సంగతి ఎవరడిగారు తల్లీ.

గవర్నర్‌పేట_వకీలు:
క్లుప్తంగా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో సేవాలోపం అని వేయొచ్చు, మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వెయ్యక ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చి చూడండి, కొన్ని అక్కడే తేలిపోతయి. కానీ వాళ్ళు "ఇస్తాం" అని రాతపూర్వకంగా ఒప్పుకున్నది ఏమన్నా ఉందా? ఫోన్‌లో "నోట్ చేసుకున్నాం" అన్న మాట మీద కేసు నిలబెట్టడం కష్టం. అదే "గ్రౌండ్ ఫ్లోర్ కన్ఫర్మ్" అని ఒక్క వాట్సాప్ మెసేజ్ ఉంటే కథ వేరు.

ఫ్రంటాఫీస్_పటమట:
వకీలు గారు కరెక్ట్. అందుకే మాకు ట్రైనింగ్‌లోనే చెప్తారు, కన్ఫర్మ్ అన్న మాట నోట్లోంచి రాకూడదు, "తప్పకుండా ట్రై చేస్తాం" అనమంటారు. పక్కపక్కన రూములు అన్నారు కదా, అది ఇంకో పెద్ద కథ. కొందరికి ఒక గోడ అటూ ఇటూ ఉంటే చాలు, కొందరికి మధ్యలో తలుపు ఉండాలి పిల్లల కోసం, మధ్యలో తలుపున్న రూములు బిల్డింగ్ మొత్తం మీద రెండు మూడు జతలే ఉంటయి. కొందరేమో వాస్తు అంటారు. ఆగ్నేయం మూల రూము వద్దు, మంచం తల ఉత్తరానికి ఉంది తిప్పించండి అంటారు, మంచం తిప్పితే స్విచ్ బోర్డు కాళ్ళ దగ్గరకొచ్చిద్ది, మళ్ళీ ఫోన్ చార్జర్ అందట్లేదని రిసెప్షన్‌కి ఫోన్. ఒకాయన రూము నంబరు కూడితే 8 వచ్చిందని మార్పించుకున్నాడు. ఇవన్నీ రిక్వెస్టులే మాకు. అన్నీ ఒకే కాలమ్‌లో ఉంటయి.

అరండల్‌పేట_అన్న:
తల ఉత్తరం వైపు పెట్టకూడదన్నది పెద్దల మాట, వెటకారం చెయ్యబాక.

ఫ్రంటాఫీస్_పటమట:
వెటకారం కాదన్నా, నేనూ మా ఇంట్లో పెట్టను. మంచం గోడకి బోల్టు వేసి ఉంటదని చెప్తున్నా.

మిర్చియార్డ్_రావు:
మోకాళ్ళనీ ఎనిమిదో నంబరునీ ఒకే గాటన కట్టేశారు చూడండి, అక్కడే తెలిసిపోయింది మీ కౌంటర్ల సంగతి. ఆ రోజు కూడా ఇదే. నేను లిఫ్ట్ లేదు కదయ్యా అని అడిగితే ఆ పిల్లాడు నా మొహం చూసి "అందరూ మోకాళ్ళనే చెప్తారు సార్" అన్నాడు. మా అమ్మ పక్కనే ఉంది, కర్ర పట్టుకుని. ఇంక ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, "ఎక్కుతాలే నాయనా" అని రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుంటా ఎక్కింది. మర్నాడు పొద్దున టిఫిన్‌కి కిందకి దిగలేదు.

బెంజిసర్కిల్_బుజ్జి:
అది తప్పు. రూము లేకపోతే లేదని చెప్పాలి, ఆ మాట అనకూడదు.

ఫ్రంటాఫీస్_పటమట:
అనకూడదు, ఒప్పుకుంటా. కానీ ఆ మాట ఎందుకొచ్చిందో కూడా వినండి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే రూము ముందే కారు పెట్టుకోవచ్చు, డిక్కీలోంచి బాటిళ్ళు డైరెక్ట్‌గా లోపలికి పోతయి, దానికోసం అమ్మకి మోకాళ్ళు, నాన్నకి గుండె అని రాసే కుర్రాళ్ళు ఎంతమందో, తీరా చూస్తే కార్లోంచి నలుగురు ఫ్రెండ్స్ దిగుతారు. వాళ్ళకి ఇచ్చేశాక నిజంగా అమ్మని తీసుకొచ్చినాయన వస్తాడు, రూము ఉండదు. సర్టిఫికెట్ అడగమంటారా? అడిగితే మళ్ళీ మీరే ఇక్కడ పోస్టు పెడతారు, అమ్మ మోకాలికి ప్రూఫ్ అడిగారు అని.

మిర్చియార్డ్_రావు:
సరే, ఇంకా రాయకూడదు అనుకున్నా, ఇప్పుడు రాస్తా. ఆ రోజు గ్రౌండ్ ఫ్లోర్ ఖాళీగానే ఉంది. మేం కౌంటర్ దగ్గర ఉండగానే రెండు ఇన్నోవాలు వచ్చినయి, ఎవరో లీడర్ గారి తాలూకా అంట, ముందు ఫోన్ వచ్చింది, మేనేజర్ బయటకొచ్చి నమస్కారం పెట్టి గ్రౌండ్ ఫ్లోర్ తాళాలు చేతిలో పెట్టాడు. అందరూ పాతికేళ్ళ పిల్లలు. బాల్ ఆడుకుంటా పోయారు లోపలికి. వాళ్ళ మోకాళ్ళు ఎవడన్నా అడిగాడా? అవైలబిలిటీ అంట అవైలబిలిటీ. నాకు రూము రాలేదని కాదు నా ఏడుపు. అవతల ఫోన్ చేసేవాడు ఉంటే చదవాల్సిన పనే లేదు, లేకపోతే మనం రాసింది అబద్ధం. ఇదీ మీ సిస్టమ్.

కృష్ణలంక_శీను:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిందన్నా, జీఎస్టీ పాఠం తప్పేది.

ఫ్రంటాఫీస్_పటమట:
అవును, ఇస్తాం. దాచేదేముంది. లిస్టులో కొన్ని పేర్ల పక్కన స్టార్ ఉంటది, ఆ రూములు ముందే తీసి పక్కన పెడతాం. ఆ ఫోన్‌కి కాదంటే మర్నాడు లైసెన్స్ అంటారు, ఫైర్ అంటారు, ఫుడ్ ఇన్‌స్పెక్షన్ అంటారు, ఓనర్‌కి తలనొప్పి, మాకు ఉద్యోగం పోయిద్ది. కౌంటర్‌లో పిల్లాడి జీతం ఎంతో తెలుసా? మీరు యార్డులో వ్యాపారం చేస్తారు కదా, రోజూ సరుకు తెచ్చే పెద్ద రైతు లారీ, పది బస్తాలు వేసుకొచ్చిన చిన్న రైతు ఆటో ఒకేసారి వస్తే ఎవరిది ముందు దించుతారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

మిర్చియార్డ్_రావు:
దించుకున్నా దించుకోకపోయినా, ఆ పది బస్తాలాయన్ని నీ మిరపకాయలు దొంగవి అనను. నాకు కావాల్సింది ఆ ఒక్కటే.

అడ్మిన్:
ఇద్దరూ వృత్తుల జోలికి పోవద్దు. రిసార్ట్ గుర్తుపట్టే వివరాలు ఇంకా రాస్తే త్రెడ్ లాక్ అవుతుంది.

ఏటుకూరురోడ్_ఫిజియో:
నేను మోకాలి ఆపరేషన్ అయిన పేషెంట్లతోనే పనిచేస్తా, ఒక్క మాట చెప్పి పోతా. గ్రౌండ్ ఫ్లోర్ అని రాస్తే సరిపోదు. బీచ్ రిసార్టుల్లో ఇసుకా వాననీళ్ళూ రాకుండా అరుగు ఎత్తు పెడతారు, గ్రౌండ్ ఫ్లోర్ అంటారు, ముందు మూడు మెట్లుంటయి, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండదు. లోపల బాత్రూము గడప ఇంకో అడుగు. అమ్మ పడేది అక్కడే. కాబట్టి "మెట్లు ఎక్కలేరు, రూము ముందు మెట్లూ బాత్రూము గడపా ఫోటో పంపండి" అని వాట్సాప్‌లో అడగండి. కుదరదంటే అప్పుడే తెలిసిద్ది, క్యాన్సిల్ గడువు దాటకముందే వేరేది చూసుకోవచ్చు. కమోడ్ ఎత్తు కూడా అడగండి, సిగ్గుపడబాకండి. వీల్‌చైర్ అయితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాట కూడా ఎత్తొచ్చు, ఆ మాట చూస్తే కింద పిల్లాడు మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తాడు.

బెంజిసర్కిల్_బుజ్జి:
ఇది పనికొచ్చే పోస్టు. శబ్దం సంగతి కూడా చెప్తా, లాన్ వైపు రూము తీసుకోబాకండి పెళ్ళిళ్ళ సీజన్‌లో. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నుంచీ రూల్ ఉంది, డీజే వాడికి 11 అయినా ఊపే. నేను 100కి ఫోన్ చేశా ఒకసారి, కట్టేశారు పావుగంటలో.

అరండల్‌పేట_అన్న:
పెళ్ళివాళ్ళ ఉసురు పోసుకున్నావు కదయ్యా.

ఫ్రంటాఫీస్_పటమట:
ఫిజియో గారు చెప్పినట్టు చేస్తే మాకూ సుఖమే. ఇంకో టిప్, ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తేది రిజర్వేషన్ వాళ్ళు, వాళ్ళు నోట్ చేసుకుంటారు అంతే. వచ్చే రోజు పొద్దున 9, 10 మధ్య రిసెప్షన్‌కే చేసి డ్యూటీ మేనేజర్‌ని అడగండి, నంబర్లు వేసేది ఆ టైములో. ఎవరితో మాట్లాడారో పేరు తీసుకోండి. రావు గారూ, నేను మా మేనేజర్‌తో ఒకసారి అన్నా, కింద రెండు రూములు సాయంత్రం దాకా ఎవరికీ వెయ్యకుండా ఉంచుదాం, పెద్దవాళ్ళు ఎవరొస్తారో చూసి ఇద్దాం అని. "శనివారం రూము ఖాళీగా పెట్టుకునే వెర్రోడు ఎవడు" అన్నాడు. స్టార్ పేర్లకి మాత్రం రాత్రి దాకా పెట్టుకుంటాడు. అది నాకూ మంటే.

మిర్చియార్డ్_రావు:
ఇది మొదటి రిప్లైలోనే చెప్పుంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. రిమార్క్స్ కాలమ్ సన్నగా ఉంటదని కథలు చెప్పారు.

ఫ్రంటాఫీస్_పటమట:
కాలమ్ నిజంగానే సన్నగా ఉంటదండీ.

మిర్చియార్డ్_రావు:
సరే. కార్తీకమాసంలో మళ్ళీ పోవాలంటుంది మా ఆవిడ. మేడ లేకుండా అన్నీ కిందనే విడివిడి కాటేజీలు ఉన్నవి, బాపట్ల చీరాల మధ్య గానీ ఇటు సాగర్ వైపు గానీ ఎవరికన్నా తెలిస్తే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. బాత్రూము గడప ఎత్తు కూడా.

బ్రాడీపేట_పద్మజ:
కాటేజీకి మంచాలు రెండున్నా అది ఒకే యూనిట్ కిందకి వచ్చిద్ది, ఎక్స్‌ట్రా బెడ్ కలిపి 7500 దాటకుండా చూసుకోండి.