పాత కట్టడాల్లో, ఇళ్ళలో ఎవరో ఉన్నారనిపించడం: దానికి ఏ పేరు పెట్టాలి?

పాతగోడలు:
నేను కోఠీ మహిళా కళాశాలలో మూడేళ్ళు చదువుకున్నాను. మేము చదివే రోజుల్లో పాత రెసిడెన్సీ భవనం పెచ్చులూడి, గబ్బిలాల వాసనతో ఉండేది. సాయంత్రం అయిదు దాటాక దర్బారు హాలులోంచి నడుస్తుంటే వెనక ఎవరో ఆగి చూస్తున్నట్టు ఎన్నోసార్లు అనిపించింది. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా (రాయబారిగా) ఉన్న కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో కట్టించిన భవనమనీ, ఆయన ఖైరున్నీసాను పెళ్ళాడాడనీ, 1805లో ఆయన కలకత్తాలో చనిపోతే ఆమె 1813లో కన్నుమూసిందనీ అక్కడి అమ్మాయిలందరికీ తెలుసు. అందుకే ఆ నీడను అందరం ఆమెదే అనుకునేవాళ్ళం. పోయిన ఏడాది మా నాన్నగారు పోయాక మా ఇంట్లోనూ ఇలాంటిదే మొదలైంది. తెల్లవారుజామున నాలుగింటికి, ఆయన లేచే వేళకు, వంటింటి వైపు అలికిడి ఉన్నట్టు తెలుస్తుంది. భయం వేయదు. ఈ రెండూ ఒకటేనా, వేరువేరా అన్నది నా ప్రశ్న.

కొలబద్ద:
రెండూ వేరని నా అభిప్రాయం. పాత భవనం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే పెద్ద భవనాల్లో గాలి గొట్టాలూ ఫ్యాన్లూ అమర్చడమే నా వృత్తి. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరు 1998లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, తన ప్రయోగశాలలో ఆయన ఇదే అనుభవించారు: ఒళ్ళు చల్లబడటం, ఎవరో పక్కన నిలబడ్డారనిపించడం, కంటి చివర బూడిదరంగు ఆకారం. మర్నాడు పట్టుకారులో బిగించిన కత్తి దానంతటదే వణకడం చూసి వెతికితే, కొత్తగా పెట్టిన ఫ్యాను సెకనుకు దాదాపు 19 కంపనాల శబ్దతరంగాన్ని పుట్టిస్తోందని తేలింది. అంత తక్కువ స్థాయి శబ్దం మన చెవికి వినపడదు. ఫ్యాను బిగింపు మార్చాక ఆ ఆకారం మళ్ళీ రాలేదు. దీనికి తోడు, డంగుసున్నం గోడలూ టేకు దూలాలూ పగలంతా వేడెక్కి సాయంత్రం చల్లబడేటప్పుడు కిర్రుమంటాయి. ఎత్తైన కప్పు కింద ఆ చప్పుడు ఏ మూల నుంచి వచ్చిందో చెవి పోల్చుకోలేదు.

ఈశాన్యగది:
కొలబద్ద గారూ, కోఠీ దర్బారు హాలులో మీరు ఆ 19 కంపనాలను కొలిచారా?

నిజాంకాలం:
గోల్కొండ కోటలో చీకటి పడ్డాక ఆనాటి నర్తకి తారామతి గజ్జెల చప్పుడు విన్నామని చెప్పేవాళ్ళు మా బస్తీలో ఇప్పటికీ ఉన్నారు.

కొలబద్ద:
ఆ కోట ద్వారం ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, ఎంతో ఎత్తున ఉన్న బాలాహిస్సార్ దగ్గర వినపడుతుంది. శత్రువు రాకను పైకి తెలపడానికే అలా కట్టారు. ఇంత మామూలు చప్పట్లను అంత దూరం మోసే కోటలో, కింద గొర్రెల మెడ గంటలు పైనెక్కడో గజ్జెలుగా వినపడటంలో వింత లేదు. ఈశాన్యగది గారూ, కోఠీలో నేను కొలవలేదు. కానీ అదే టాండీ తరవాత ఇంగ్లండులోని కోవెంట్రీలో పద్నాలుగో శతాబ్దపు నేలమాళిగలో కొలిచి అదే స్థాయి శబ్దం ఉందని చూపారు.

ఈశాన్యగది:
నా ప్రశ్న కోవెంట్రీ గురించి కాదు. మీరు కోఠీ గురించి తీర్పు చెప్పారు, అక్కడ కొలవలేదని మీరే ఒప్పుకున్నారు. పైగా మీరు చెప్పని మరో ప్రయోగం ఉంది. 2009లో అచ్చయిన ఆ ప్రయోగంలో లండన్ పరిశోధకులు ఒక ఖాళీ గదిలో ఈ వినపడని శబ్దాన్నీ విద్యుదయస్కాంత క్షేత్రాలనూ కావాలని పుట్టించి 79 మందిని లోపలికి పంపారు. చాలామందికి వింత అనుభవాలు కలిగాయి కానీ, యంత్రాలు పనిచేస్తున్నాయా ఆగి ఉన్నాయా అన్నదానితో వాటికి సంబంధం కనపడలేదు. అంటే మీ 19 కంపనాలు కూడా ఒక నమ్మకమే.

మా సంగతి చెబుతాను. మేము ఒక ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మొదటి వారంలోనే మా నాలుగేళ్ళ పాప ఈశాన్యపు గదిలో పడుకోనని, అక్కడ ఒక అత్త ఉందని ఏడ్చేది. ఆరు నెలల తరవాత గానీ, ఆ గదిలో ఒకామె ఉరి వేసుకుందని పక్కింటివాళ్ళు చెప్పలేదు. యజమాని దాచి పెట్టాడు. మేము ఖాళీ చేస్తామంటే బయానా తిరిగి ఇవ్వలేదు. పాపకు ఏ కంపనం ఆ సంగతి చెప్పిందో ఎవరైనా వివరించండి.

కొలబద్ద:
ఆ 2009 ప్రయోగం నిజమే, దాన్ని నేను ముందే చెప్పి ఉండాల్సింది. అయితే దాని ఫలితం మీ వైపూ మొగ్గదు. ఇక్కడ ఏదో జరగవచ్చునని ముందుగా చెప్పి పంపితే ఖాళీ గదిలో కూడా మనసు ఏదో ఒకటి కనిపెడుతుందని ఆ పరిశోధకులు భావించారు. మీ పాప విషయంలో నేను అక్కడ లేను కనుక మాట్లాడను. పిల్లలకు పెద్దలు అనుకున్నదానికన్నా ఎక్కువ వినపడుతుందని మాత్రం చెప్పగలను.

ఈశాన్యగది:
మాట్లాడనంటూనే మా పాప పనిమనిషి దగ్గర విన్నదని తేల్చేశారు.

కొలబద్ద:
పనిమనిషి అన్న మాట నేను అనలేదు.

వేపచెట్టు:
రాత్రి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, కాలూ చెయ్యీ కదపలేనట్టు ఉండటం నాకు చాలాసార్లు జరిగింది. మెలకువ సగం వచ్చి, ఒళ్ళు ఇంకా నిద్రలోనే ఉండటం వల్ల అలా అవుతుందని డాక్టరు చెప్పారు. తెలిశాక కూడా ఆ క్షణంలో భయం తగ్గదు.

మెట్లబావి:
నేను పాత కట్టడాల సర్వేలో పనిచేసిన మనిషిని. రెసిడెన్సీలో ఖైరున్నీసా తిరుగుతుందన్న కథ ఎంతమందికి తెలుసో, 1857 జులై 17న బ్రిటిషువారి మీద తిరగబడ్డ తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో వచ్చి అదే భవనం మీద దాడి చేశారన్నది ఎంతమందికి తెలుసు? ఖైరున్నీసా కోసం ఆ తోటలో కట్టించిన చిన్న నమూనా భవనాన్ని ఎంతమంది చూశారు? దయ్యం కథ చరిత్రను కాపాడదు, దాన్ని మింగేస్తుంది. ఇక ఊళ్ళలో జరిగేది ఇంకా ఘోరం. పాడుబడ్డ గుడిలో, బురుజు దగ్గర పిశాచం ఉందని ఒక పుకారు పుడుతుంది, పొద్దుగుంకాక అటు ఎవరూ వెళ్ళరు. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళకు కావలసింది సరిగ్గా అదే. ఒక మెట్లబావి పక్కన మేము పొద్దున కొలతలు తీసుకున్న శాసనపు రాయి, నెల తిరక్కుండా రెండు ముక్కలై, దాని కింద మనిషి లోతు గొయ్యి తవ్వి ఉంది. పక్కన పసుపూ కుంకుమా, కోసిన నిమ్మకాయలూ పడి ఉన్నాయి. ఊరివాళ్ళు రాత్రి వెలుతురు చూశారట, దయ్యమనుకుని తలుపులు వేసుకున్నారట.

గోదారిగట్టు:
నాకు డెబ్బై ఒకటి. మా వారు పోయి తొమ్మిదేళ్ళు. వసారాలో ఆయన పడకకుర్చీ అలాగే ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక నేను ఇటు కూర్చుంటే ఆయన అటు ఉన్నారని నాకు తెలుస్తుంది. కనపడరు, మాట్లాడరు. పాతగోడలు అమ్మాయి అడిగినదానికి జవాబు నాకు తెలుసు గానీ, ఇక్కడ అందరూ ఫ్యాన్ల గురించీ కొలతల గురించీ మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల తండ్రిని గురించి అడిగిందని ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

కొలబద్ద:
అమ్మా, రెండూ వేరని నేను మొదటి వాక్యంలోనే అన్నాను. మీరు చెప్పినది అరుదైనది కూడా కాదు. వేల్స్‌లో డెవీ రీస్ అనే వైద్యుడు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడి 1971లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, వారిలో దాదాపు సగం మందికి ఇలాంటి అనుభవం ఉంది. పోయినవారు దగ్గర ఉన్నారన్న స్పృహే అందులో ఎక్కువగా కనపడింది. అది రోగం కాదని, చాలామందికి ఊరటనిచ్చిందని ఆయన రాశారు. కాబట్టి మనసు కల్పించుకున్న ఆ భ్రాంతికి మీరు సిగ్గుపడనక్కర్లేదు.

గోదారిగట్టు:
సిగ్గు పడుతున్నానని నేనెక్కడా చెప్పలేదు బాబూ. భ్రాంతి అన్న మాట మా అబ్బాయి కూడా వాడాడు. నన్ను పట్నం తీసుకెళ్ళి ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన పది నిమిషాలు కూడా వినకుండా మాత్రలు రాశాడు. అవి వేసుకున్న నాలుగు నెలలూ నాకు వసారాలో ఎవరూ తెలియలేదు, వంటలో ఉప్పూ తెలియలేదు, మనవడి పుట్టినరోజు ఏ వారమో తెలియలేదు. నేనే మానేశాను. మీరు చెప్పిన వేల్స్ డాక్టరు మంచివాడే అయి ఉంటాడు. కానీ మీరంతా నా మాటను మీ పుస్తకంలో ఒక అంకె చేసుకున్నాక గానీ నమ్మరు.

ఈశాన్యగది:
ఇదే నేను మొదటి నుంచీ చెబుతున్నది. కొలవకుండా తీర్పులు!

కొలబద్ద:
కొలిచారా, కొలిచారా అని ఇప్పటికి మూడోసారి. సరే, అసలు సంగతి చెబుతాను. మా చెల్లెలికి తొమ్మిదో ఏట జ్వరం వచ్చి, మెడ బిగుసుకుని, పొంతన లేని మాటలు మొదలయ్యాయి. పాడుబడ్డ గడీ వెనక ఆడుకుని వచ్చిందని, అక్కడ గాలి సోకిందని అన్నారు. తాయెత్తు కట్టారు, వేపమండలతో కొట్టారు, మూడు రాత్రులు నిమ్మకాయలు తిప్పారు. నాలుగో రోజు ఆసుపత్రికి తీసుకెళితే మెదడువాపు అన్నారు. బతికింది. రెండు చెవులూ పోయాయి. ఆ మూడు రాత్రులూ ఇంట్లో ఒక్కరు కూడా "ఇది జ్వరం" అనే ధైర్యం చేయలేదు, ఎందుకంటే గడీలో ఎవరో ఉన్నారని ఊరందరికీ తెలుసు. తెలుసు అన్న ఆ మాటకే నేను భయపడతాను. నాకు దయ్యంతో తగువు లేదు.

పాతగోడలు:
ఆమె ఇప్పుడు ఎలా ఉన్నారు?

కొలబద్ద:
బధిరుల పాఠశాలలో చదివింది, ఇప్పుడు కుట్టు పని చేస్తుంది. తాను కూర్చున్న చోట ఎవరు వెనక నుంచి వచ్చినా నేల అదురును బట్టి మా అందరికన్నా ముందే పట్టేస్తుంది.

గోదారిగట్టు:
బాబూ, ఆ మూడు రాత్రులూ ఆ పిల్ల పక్కన నేను లేకపోయానే అనిపించింది. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నేను ఆసుపత్రికే పంపుతాను, నా పెద్ద మనవరాలు నర్సు. కానీ ఒకటి చూడు. మీ చెల్లెల్ని కొట్టినవాళ్ళు ఆమె నోట మాట వినలేదు. నాకు మాత్రలు రాసినాయనా వినలేదు. ఇద్దరూ నీకు ఫలానాది అయిందని బయటి నుంచి చెప్పారు. నీకూ నాకూ తేడా దయ్యం దగ్గర కాదేమో.

కొలబద్ద:
తేడా ఉందమ్మా, మాట దగ్గర ఉంది. "ఆయన ఉన్నట్టు అనిపిస్తుంది" అని మీరంటే నేను ఒక్క మాట కూడా ఎదురు చెప్పను. "ఆయన ఉన్నారు" అంటే మాత్రం ఊరుకోలేను, ఎందుకంటే ఆ రెండో మాట ఇల్లు దాటి గడీ దాకా వెళుతుంది, అక్కడి నుంచి ఇంకొకరి పిల్ల దాకా వెళుతుంది.

మెట్లబావి:
ఇంకొకరి శాసనం దాకా కూడా.

గోదారిగట్టు:
అనిపిస్తుంది అన్న మాట మీ ఎదుట అంటాను, మీ చెల్లెలి కోసం అంటాను. కుర్చీ ఎదుట కూర్చున్నప్పుడు అనలేను. ఆయనకు నేను ఉన్నట్టు అనిపించేదాన్ని కాదు, ఉండేదాన్ని. నలభై నాలుగేళ్ళు. పాతగోడలు అమ్మాయీ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది: కోఠీలో నీ వెనక ఆగినది ఎవరో నీకు తెలియదు, అందుకే కథ కావలసి వచ్చింది. వంటింట్లో ఎవరో నీకు తెలుసు.

పాతగోడలు:
తెలుసు. నాలుగింటికి ఆయన ముందు డికాక్షన్ ఫిల్టరు కడిగేవారు. ఆ చప్పుడు ఎప్పుడూ రాలేదు. అలికిడి ఫిల్టరు ఉండే గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. కొలబద్ద గారూ, వంటింటి పక్క గోడ అవతల పొరుగువారి నీళ్ళ మోటారు ఉంది, నాలుగింటికే వేస్తారు. ఈ సంగతి మొదట రాయకుండా దాచినది నేనే, మీరు వెంటనే అదే కారణమంటారని భయపడ్డాను.

కొలబద్ద:
అదే కారణమై ఉండవచ్చు. మోటారు వేయని రోజున చూడండి అని చెప్పబోయి ఆగిపోయాను. చూడాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.