అయనీకరణమా, అయానీకరణమా?

అరసున్న: పాత రసాయనశాస్త్ర పాఠంలోని ఒక వాక్యం సగమే గుర్తుంది. "కాంతిని గ్రహించిన అణువు వియోగము చెందును, లేదా అయ...నీకరణము చెందును. శక్తి చాలినంత మాత్రాన..." మిగతాది ఎవరికైనా నోటికి వచ్చా? అక్కడ ఉన్నది ‘వియోగము’నా ‘వియోజనము’నా అని రెండు రోజులుగా ఒకటే పీకులాట.

శకటరేఫ: వియోజనమే అయ్యుండాలి. వియోగం విడిపోయిన స్థితి, వియోజనం విడగొట్టే పని. విడగొట్టేది కాంతి కదా. అది సరే, ‘అయ’ తర్వాత మీరు మింగేసిన దీర్ఘం సంగతేమిటి? అయాన్, అంటే విద్యుదావేశమున్న కణం, నుంచి వచ్చింది కాబట్టి అయానీకరణం.

వలపలగిలక: కాదండీ, హ్రస్వమే. 1834లో ఫారడే ‘అయాన్’ అని పేరు పెట్టింది ‘వెళ్లేది’ అనే గ్రీకు అర్థంలో. మన ‘అయనం’ ఆ ధాతువుకు చుట్టమే. ఉత్తరాయణం అనే నోటికి అయనీకరణం బరువా?

శకటరేఫ: చుట్టరికం బాగానే ఉంది. కానీ ఫారడే అయాన్లు ద్రావణంలో ధ్రువాల వైపు వెళ్లేవి. కాంతి తగిలితే లేచిపోయేది ఎలక్ట్రాన్, మిగిలిపోయేది అయాన్. మీ లెక్కన ఇంటిపట్టున ఉన్నదానికి ‘వెళ్లేది’ అని పేరు!

ద్రుతం: "చాలినంత మాత్రాన" తర్వాత హైడ్రోజన్ ప్రస్తావన ఉండి ఉంటుంది. ఆ అణువులో బంధం తెంచడానికి 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. అయినా సరిగ్గా అంత శక్తి ఉన్న ఫోటాన్ (కాంతి రేణువు) దాన్ని ఏమీ చేయలేదు, ఆ ఎత్తులో కాలు పెట్టడానికి మెట్టే లేదు. 11 దాటిన ఫోటాన్‌ను మింగి పై స్థితికెక్కి, కాంతిని వదిలి దిగేటప్పుడు ఒక్కోసారి రెండు పరమాణువులై విడిపోతుంది. ఎలక్ట్రాన్ ఊడాలంటే 15.4 కావాలి.

వలపలగిలక: నైట్రిక్ ఆక్సైడ్‌కైతే 9.3 చాలు. సూర్యుడి 121.6 నానోమీటర్ల కిరణంలో 10.2 ఉంది. 70–90 కిలోమీటర్ల ఎత్తున దాని ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేది అదే. పగటిపూట మీడియం వేవ్ రేడియో దూరం పోకుండా మింగేసేది అలా అక్కడ ఏర్పడే పొరే. అన్నట్టు, ఆ పొర మీద వ్యాసాలన్నిటా ‘అయనీకరణం’ అనే చదివాను.

శకటరేఫ: చదివినంత మాత్రాన ఒప్పవుతుందా? సరే, కంటికి ఆనని ఆ కిరణాల మాట వింటుంటే పోతన ‘పెంజీకటి కవ్వల’ గుర్తొస్తోంది. చీకటికి అవతల ఒక వెలుగు!

ద్రుతం: అక్కడ ‘వెలుగు’ నామవాచకం కాదు, క్రియ. ‘ఎవ్వడు ఏకాకృతి వెలుగు’, అంటే ఎవడు ప్రకాశిస్తాడో అని.

వలపలగిలక: నాకు ‘అలోకంబగు’ దగ్గరే మనసు ఆగిపోతుంది. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అందరూ తెగాక అలోకం. ‘అ’కు దీర్ఘమిచ్చి చూడండి, ఆలోకం అంటే వెలుగు. ఒక్క మాత్రతో పెంజీకటి కాస్తా పటాపంచలు. హ్రస్వదీర్ఘాలతో ఆటలొద్దనేది ఇందుకే, శకటరేఫ గారూ.

అరసున్న: ద్రుతం గారూ, ‘ఎవ్వఁడు’లో నన్ను ఎగరగొట్టేశారు.