పెళ్లి స్వీట్ల మీద బంగారం రేకు అవసరమా? మా ఇంట్లో గొడవ, మీరే తేల్చండి

నాగావళి_గట్టు:
మాది శ్రీకాకుళం, మాఘంలో మా చెల్లి పెళ్లి. కేటరింగ్ ఆయనొచ్చి కాజూ బర్ఫీ మీద బంగారం రేకు, కిళ్లీ మీద రేకు, వచ్చినోళ్లకిచ్చే డ్రింకులో బంగారం పొడి తేలుతాది సార్ అని ఫోన్లో ఫోటోలు చూపించినాడు, ప్లేటుకి 150 ఎక్స్‌ట్రా. 600 మంది, అంటే 90 వేలు. నాన్నేమో బంగారం మెడలో ఏసుకోడానికిరా, మింగడానికి కాదు అంతన్నారు. అమ్మేమో మగపెళ్లోరు హైదరాబాద్ నుంచొస్తారు, మరీ బూందీ లడ్డూ ఏటి పెడతాం అంటాది. నేను నాన్న వైపే. లక్ష్మీదేవిని 600 మంది చేత మింగించి మర్నాడు పొద్దున్న ఎక్కడికి పంపుతామో ఆలోచించండి ఒకసారి.

కోట_జంక్షన్:
విజయనగరం నుంచి ఒక మాట. బాణసంచా కాలుస్తారు, డీజే పెడతారు, రిసెప్షన్ స్టేజీకి పూలు కట్టి రాత్రికి పీకేస్తారు, దానికెవరూ లక్ష్మీదేవి అనరు. స్వీటు మీద చిటికెడు మెరుపు పడేసరికి అందరికీ సంప్రదాయం గుర్తొచ్చేస్తాది. చెల్లికి ఇష్టమో కాదో అడిగినారా అసలు?

చీపురుపల్లి_అక్క:
నాగావళి తమ్ముడూ, అన్నప్రాశనకి ఉంగరం పాయసంలో ముంచి నాకించేది ఎవరు? మనిషి పోతే నోట్లో బంగారం పలుకు పెట్టేది ఎవరు? మనమే కదా. పుట్టినప్పుడూ పోయినప్పుడూ పెట్టింది మధ్యలో పెళ్లికి పెడితే పాపమెలాగవుద్ది నాకు అర్థం కాలేదు.

నాగావళి_గట్టు:
అక్కా, ఉంగరం నాకించాక మళ్లీ వేలికే ఎల్తాది. మా తాత పోయినప్పుడు నోట్లో పెట్టింది గోధుమ గింజలో సగం, అదీ మా నానమ్మ కమ్మలోంచి తీసింది. దాన్నీ కేటరింగోడి పొడినీ ఒకే గాట కట్టకండి.

పేట_కంసాలి:
నరసన్నపేటలో మాది మూడు తరాల పని, పాపం పుణ్యం వదిలేసి లెక్క చెప్తాను. తినే రేకు సుమారు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదోవంతు మందం ఉంటాది, ఊపిరి వదిల్తే ఎగిరిపోద్ది. ఆ మందంలో 1 గ్రాముకి 5 వేల చదరపు సెంటీమీటర్ల పైనే వస్తాది. గ్రాము 10 వేలు దాటింది గానీ లెక్కకి 10 వేలే అనుకోండి, చదరపు సెంటీమీటరుకి 2 రూపాయలు. బర్ఫీ పైనంతా, అంటే 10 చదరపు సెంటీమీటర్లు, కప్పినా 20 రూపాయల బంగారం. 600 ప్లేట్లకి 12 వేలు, గ్రామున్నర కూడా కాదు. రేకు కొట్టిన కూలీ, కిళ్లీ, డ్రింకు అన్నీ కలుపుకోండి, అయినా 90 వేలెక్కడివి? అదే 90 వేలు నా దగ్గరికి తెస్తే ఈ 10 వేల లెక్కన చెల్లికి 8 గ్రాముల పైన నగ అవుద్ది, తరుగు దగ్గర నేనూ చూసుకుంటాను 🙂

పలాస_జీడి:
అంటే బర్ఫీలో మా జీడిపప్పుకీ పైన బంగారానికీ రేటులో పెద్ద తేడా లేదన్నమాట. మరి మా పప్పు ఫోటో ఎవడూ స్టేటస్ పెట్టడేటి.

వంశధార_90:
బంగారం ఒంటికి మంచిది బ్రో, ఆయుర్వేదంలోనే ఉన్నాది. స్వర్ణభస్మం వినలేదా?

మందులకొట్టు_బాబాయ్:
భస్మం వేరు, రేకు వేరు బాబూ. భస్మం శుద్ధి చేసి పుటాలేసి వైద్యుడు మోతాదు చూసి ఇచ్చేది. రేకు కడుపులో యాసిడ్‌కి కూడా కరగదు, ఉన్నదున్నట్టే బయటికి పోతాది, మేలూ లేదు కీడూ లేదు, రుచి అసలే లేదు. యూరప్‌లో బంగారానికి E175 అని నంబరిచ్చి ఫుడ్ కలర్ల లిస్టులో పెట్టినారు. నా భయం రేకు గురించి కాదు, ఆ డ్రింకులో పొడి గురించి. కేకుల మీద చల్లే మెరుపు పొడిలో రాగి, సీసం ఉంటే ప్రమాదం. అమెరికాలో 2018లో రోడ్ ఐలాండ్‌లో అలాంటి పొడేసిన పుట్టినరోజు కేకు తిని పిల్లలు వాంతులు చేసుకున్నారు, రాగి తేలింది. 2019లో మిస్సోరీలో ఏడాది బిడ్డ రక్తంలో సీసం పెరిగింది. డబ్బా మీద నాన్ టాక్సిక్ అనుంటే తినొచ్చని కాదు, తినదగినదని రాసుండాలి, అందులో ఏమేం కలిసినాయో రాసుండాలి.

పొందూరు_పంచె:
వెండి రేకు సంగతి కూడా చూసుకోండి, శాకాహారులకి ముఖ్యం. పూర్వం పశువుల పేగు పొరల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు, 2016లో మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అది కుదరదంది. వెండి 999 స్వచ్ఛత ఉండాలి. మా ఇంట్లో పెద్దాళ్లు మొదట్నుంచీ రేకున్న స్వీటు ముట్టుకోరు, రూల్ మారిందన్నా నమ్మరు.

కోట_జంక్షన్:
సరే, లెక్క చూశాక నేను సగం వెనక్కి తగ్గుతన్నాను. డ్రింకు తీసేయండి. బర్ఫీ మీద మాత్రం చిన్న ముక్క ఉంచండి, అమ్మ కోరిక కూడా కోరికే కదా.

నాగావళి_గట్టు:
ఇందాకే కేటరింగ్ ఆయనకి ఫోన్ చేసి ప్యాకెట్ ఫోటో పెట్టండి అన్నాను. పొడి మేం లూజుగా తెస్తాం సార్, 20 పెళ్లిళ్లు చేశాం ఎవరూ అడగలేదు అన్నాడు. మొన్న శాంపిల్ ఇచ్చిన రేకు మాత్రం నా దగ్గర కాగితంలో ఉన్నాది. కంసాలి అన్నా, అసలుదో కాదో ఎలా తెలుస్తాది?

పేట_కంసాలి:
రెండు వేళ్ల మధ్య నలుపు. అసలుదైతే చర్మం గీతల్లోకి పోయి మాయమవుద్ది, ఇత్తడిదైతే పొరలు పొరలుగా చేతికి తగులుతాది. అప్పటికీ అనుమానముంటే కొట్టుకి తీసుకురా, నైట్రిక్ యాసిడ్ చుక్కేస్తాను, ఇత్తడైతే బుస్సుమని నీలి పచ్చగా తిరుగుతాది.

నాగావళి_గట్టు:
నలిపాను. తగుల్తంది.

చీపురుపల్లి_అక్క:
అయ్యో. అమ్మకి చెప్పినావా?