తిరుపతిలో ఉంటూ ఫ్రీలాన్స్ క్లయింట్లను ఎలా పట్టాలి?

కొర్లగుంట కుర్రోడు:
మూడేళ్లు చెన్నైలో రియాక్ట్, నోడ్ (వెబ్‌సైట్లు కట్టే టూల్స్) మీద పనిచేసి, నాన్నకు ఒంట్లో బాగాలేక ఇంటికొచ్చేశాను. అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ సైట్‌లో నెలలో నలభై ప్రపోజల్స్ పెట్టా, ఒక్కరూ పలకలేదు, ప్రపోజల్ పెట్టడానికి కావాల్సిన కనెక్ట్స్ (టోకెన్లు) కొనడానికే డబ్బులైపోతున్నాయి. మీకు పని ఎక్కడ దొరుకుతోంది అన్నా?

రేణిగుంట రోడ్డు:
ఆ నలభైలో కాపీ పేస్ట్ ఎన్నో నిజం చెప్పు తమ్ముడూ. నా మొదటి పని ఆన్‌లైన్‌లో రాలేదు. లీలామహల్ దగ్గర ఒక లాడ్జిలో బుకింగులన్నీ పొడుగు రిజిస్టర్లో రాసేవాళ్లు, వైకుంఠ ఏకాదశి రోజు ఒకే రూము ఇద్దరికిచ్చి కౌంటర్ దగ్గర పెద్ద గొడవ, నేను పక్కనే టీ తాగుతున్నా. మర్నాడు వెళ్లి చిన్న బుకింగ్ పేజీ చేసిస్తానన్నా. ఆయన బావమరిదికి చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం, రెండో పని అక్కడ. లోకల్ వాళ్లు బేరం బాగా ఆడతారు, అది వేరే సంగతి. ఇంతకీ పాత టీమ్ లీడ్‌కి ఖాళీగా ఉన్నానని చెప్పావా? పెద్ద కాంట్రాక్టులు నాకు అలాగే వచ్చాయి.

భవానీనగర్:
అడ్వాన్స్ లేకుండా మాత్రం కీబోర్డు ముట్టుకోవద్దు. నా క్లయింట్ ఒకాయన కోడ్ తన సర్వర్‌లోకి ఎక్కగానే ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇప్పుడు సగం ముందే తీసుకుంటా, మిగతాది వచ్చేదాకా సైట్ నా సర్వర్లోనే. ఫైవర్ అనే ఫ్రీలాన్స్ సైట్‌లో అయితే నీ సంపాదనలో 20 శాతం వాళ్లే కోసుకుంటారు, రేటు చెప్పేటప్పుడే అది కలుపుకో.

కొర్లగుంట కుర్రోడు:
టీమ్ లీడ్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టా. కాపీ పేస్ట్ అంటే... ముప్పై ఐదు 🙈