షుగర్ రాకుండా చూడటానికి ప్రభుత్వం రీల్స్ మీద డబ్బు పెట్టాలా?

బడిపంతులు:
2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్‌లో, అంటే షుగర్ అంచున, ఉన్నారు. ప్రతి జిల్లా ఆరోగ్య శాఖకూ ఒక రీల్స్ టీమ్ ఉండాలంటాను. పీహెచ్‌సీ గోడ మీది పోస్టర్ ఎవరూ చదవరు, ఫోన్ మాత్రం అందరూ చూస్తారు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నెల్లూరు మందుల షాపు:
కాదంటున్నాను పంతులు గారూ. ఆ ఫోన్‌లోనే "షుగర్ మూడు నెలల్లో మాయం" అనే పొడుల వీడియోలూ వస్తున్నాయి. మొన్న ఒకాయన ఫోన్ నా ముందు పెట్టి, "ఇది తాగితే నా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేయొచ్చా బాబూ?" అని అడిగాడు. ఆ వీడియోకి లక్షల్లో వ్యూస్. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం చెబుతోంది. ముందు వాటిని తీయించండి. ఆ హోరులో ప్రభుత్వ వీడియో ఎవరికి వినపడుతుంది?

ఊరి ఏఎన్ఎం:
ఇద్దరూ వీడియో గురించే మాట్లాడుతున్నారు. అది ఎవరి చేతికి వెళ్తోందో చూడండి.

మా దగ్గర 30 దాటినవాళ్లందరికీ షుగర్ లాంటి జబ్బుల ముప్పు ఎంతో స్కోరు వేసే ఫారం నింపుతాం. నడుం కొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే స్కోరు పెరుగుతుంది. మొత్తం స్కోరు 4 దాటినవాళ్లను ముందు పరీక్షకు పంపాలి. టేపు చుట్టగానే చాలామంది పొట్ట లోపలికి లాక్కుంటారు. ఊపిరి వదిలేదాకా ఆగి చూస్తే అంకె మారిపోతుంది. ఆ అంకె తమదని తెలిశాక మనిషి అడిగే ప్రశ్నలే వేరు. "రాత్రికి అన్నం ఎంత తినమంటారు? పొలం పని చేస్తాను కదా, నడక కూడా కావాలా?" అని అడుగుతారు. జవాబు ఆ మనిషికి అందాలి, ఆ వారంలోనే అందాలి.

ఫోన్ పనికిరాదని నేను అనను. చెన్నై పరిశోధకులు షుగర్ అంచున ఉన్న 537 మంది ఉద్యోగస్తులైన మగవాళ్లను రెండేళ్లు గమనించి 2013లో ఫలితం ప్రచురించారు. తిండి, వ్యాయామం గురించి మొదట్లో సలహా అందరికీ ఇచ్చారు. సగం మందికి మాత్రం ఆ తర్వాత కూడా, వాళ్ల పరిస్థితికి తగ్గట్టు, మామూలు ఎస్ఎంఎస్‌లు పంపుతూ వచ్చారు. మెసేజ్‌లు అందినవాళ్లలో 18 శాతం మందికి షుగర్ వచ్చింది, అందనివాళ్లలో 27 శాతం మందికి. ఉత్త అక్షరాలే అంత పని చేశాయి! కారణం, అవి పరీక్ష చేయించుకున్న మనిషికి వెళ్లాయి. పరీక్షే జరగని ఊళ్లో మీ రీల్స్ టీమ్ ఏం చేస్తుంది పంతులు గారూ?

గోదారి గట్టు:
మేడమ్ చెప్పింది నిజమే, కానీ ఒక పని ఎస్ఎంఎస్ వల్ల కాదు: కంపెనీలను దారికి తేవడం. 2023 ఏప్రిల్‌లో బోర్న్‌విటాలోని చక్కెర గురించి రేవంత్ హిమత్‌సింగ్‌కా అనే సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ వీడియో పెడితే కంపెనీ లీగల్ నోటీసు పంపింది, ఆయన తీసేశాడు. అయినా గొడవ ఆగలేదు. ఆ ఏడాది చివరికి కంపెనీ చక్కెర తగ్గించింది. హెల్త్ డ్రింక్స్ విభాగం నుంచి ఇలాంటి పానీయాలను తీసేయమని 2024లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది.

మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి పోరాటమూ అంతే. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ పేరుతో చక్కెర నీళ్లు అమ్ముతున్నారని ఏళ్ల తరబడి వీడియోల్లో చెప్పారు, హైకోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

నెల్లూరు మందుల షాపు:
ఆ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లే 2022లోనూ ఆ పేరు వద్దన్నారు, అదే ఏడాది ప్యాకెట్ మీద ఒక గమనిక వేస్తే చాలని మళ్లీ ఒప్పుకున్నారు. ఆ గమనిక నా కౌంటర్ దగ్గర చదివినవాళ్లు లేరు. ఆ డాక్టరమ్మ వదలకుండా వెంటపడబట్టి గానీ, వ్యూస్‌తో వచ్చిన గెలుపు కాదది.

బడిపంతులు:
అయితే నా మాట కొంచెం మార్చుకుంటాను. జిల్లాకో రీల్స్ టీమ్ వద్దు. ఆ డబ్బుతో ముందు గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కొనాలి. స్కోరు 4 దాటినవాళ్ల నంబర్లకు వాళ్ల అనుమతితో వారం వారం తెలుగులో వాయిస్ మెసేజ్ పంపాలి. మేడమ్, మీ దగ్గర స్ట్రిప్పులు నెలంతా సరిపోతున్నాయా?

ఊరి ఏఎన్ఎం:
సరిపోవు. మూడో వారానికి అయిపోతాయి. వాయిస్ మెసేజ్ మంచి ఆలోచన, చదవలేని పెద్దవాళ్లు మా దగ్గర ఎక్కువ. పంపేది మాత్రం మా నంబర్ నుంచే పంపనివ్వండి. తెలియని నంబర్ అయితే లోన్ వాళ్లనుకుని కట్ చేస్తారు.