ఎలుక తోలు పద్యం: ‘తెలుపు రాదు’ అనాలా, ‘తెలుపు కాదు’ అనాలా?

నల్లకుంట నుంచి:
తిండి, పొగ, కాలుష్యం మన జన్యువుల పనితీరును ఎలా మారుస్తాయో చెప్పే వ్యాసానికి వేమన పద్యపాదాన్ని శీర్షికగా పెట్టదలచాను. ‘ఎలుక తోలు దెచ్చి ఏడాది యుతికిన, నలుపు నలుపె గాని తెలుపు రాదు’ అని నాకు గుర్తు. మా మనవరాలు మాత్రం ‘తెలుపు కాదు’ అని అప్పజెప్పింది. ఏ పాఠం తీసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

చిక్కడపల్లి నుంచి:
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. ‘రాదు’, ‘కాదు’ రెండూ హగణాలే (గురువు, లఘువు), పైగా ప్రాసయతి (రెండో అక్షరాల పొంతన) ‘నలుపు’, ‘తెలుపు’ల మధ్యనే కుదిరిపోయింది. మొదటి పాదంలో కొందరు చదివే ‘ఎన్నాళ్ళు’ కూడా ‘ఏడాది’ లాగే తగణం (రెండు గురువులు, ఒక లఘువు). 1829లో బ్రౌను అచ్చు వేయించే నాటికే ఈ పద్యాలు నోళ్ళలోనూ తాటాకుల్లోనూ ఎన్నో రూపాలు పొందాయి. నా మటుకు నాకు ‘రాదు’ సరైనది, ఎందుకంటే రంగు ‘వచ్చింది’ అనడమే మన నుడికారం.

తార్నాక నుంచి:
నల్లకుంట వారి వ్యాసానికి ‘కాదు’ తగినదని నా అభిప్రాయం. ‘రాదు’ అంటే లేనిది బయటినుంచి వచ్చి చేరదని, ‘కాదు’ అంటే ఉన్నదే మరొకటిగా మారదని అర్థం. డీఎన్ఏ మీద చిన్న రసాయన గుర్తు చేరే మిథైలేషన్‌లో జరిగేది ఈ రెండో రకం మార్పే. డీఎన్ఏలోని అక్షరాల వరుస చెక్కుచెదరదు. ఆ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ మీద మిథైల్ సమూహమనే ఆ గుర్తు చేరడంతో, చాలా సందర్భాల్లో, ఆ జన్యువు పని తగ్గుతుంది.

ఎలుక తోలు ప్రస్తావన ఇక్కడ మరీ చక్కగా అమరింది. అమెరికాలో, బొచ్చు రంగును ప్రభావితం చేసే అగౌటి అనే జన్యువు మీద జరిపిన ప్రయోగంలో, ఫోలిక్ ఆమ్లం, బి12, కోలిన్, బీటెయిన్ కలిపిన మేతను చుండెలుకలకు గర్భానికి ముందునుంచీ పెట్టారు. ఆ జన్యువును అదుపు తప్పించే డీఎన్ఏ ముక్క మీద మిథైలేషన్ పెరిగి, పసుపు రంగుకు బదులు గోధుమ రంగు బొచ్చుతో పుట్టిన పిల్లల నిష్పత్తి హెచ్చింది. ఇది 2003లో వెలువడిన ఫలితం. పసుపు ఎలుకలకు స్థూలకాయం, మధుమేహం ముప్పు ఎక్కువ కనుక అది కేవలం బొచ్చు రంగు సంగతి కాదు. 2007లో, ప్లాస్టిక్‌లో వాడే బిస్ఫినాల్‌-ఎ తల్లి మేతలో కలిస్తే పిల్లలు పసుపు వైపు మొగ్గాయనీ, ఫోలిక్ ఆమ్లం వంటివి జోడిస్తే ఆ ప్రభావం తగ్గిందనీ తేలింది.

హబ్సిగూడ నుంచి:
అమ్మా, మీరు చెప్పిన ఎలుకకు రంగు నిర్ణయమైంది తల్లి కడుపులో. వేమన చెప్పింది ఒలిచి తెచ్చిన తోలు గురించి. కాబట్టి అసలు పట్టించుకోవలసిన మాట ‘దెచ్చి’ అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రభావం ఏ వేళ పడిందన్నదే కీలకం. 1944–45లో నెదర్లాండ్స్‌లో వచ్చిన డచ్చి కరవులో కడుపున పడినవారికి, ఆ కరవు సోకని తమ తోబుట్టువులతో పోలిస్తే, ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైలేషన్ ఆరు దశాబ్దాల తరువాత కూడా తక్కువగా కనిపించింది.

చిక్కడపల్లి నుంచి:
అలాగైతే పెద్దయ్యాక చేసే సాధన వృథా అన్నమాట. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్న కవి అంతటి నిరాశను అంగీకరిస్తాడా? దాన్ని ‘తియ్యగనుండు’ అని చదివి గణం చెడగొట్టేవారినీ ఈ సందర్భంగా హెచ్చరిస్తున్నాను.

హబ్సిగూడ నుంచి:
వృథా అనలేదు. పొగ తాగేవారి రక్తంలో, పొగలోని విషాలకు శరీరం స్పందించే తీరును అదుపు చేసే ఏహెచ్ఆర్ఆర్ జన్యువు మీద తగ్గిన మిథైలేషన్, మానేసిన తరువాత ఏళ్ళ తరబడి మెల్లగా కోలుకుంటుంది. డీఎన్ఏలో కొన్ని చోట్ల మాత్రం ఆ గుర్తు దశాబ్దాలు నిలుస్తుంది. అయితే రక్తంలో కనిపించిన ప్రతి గుర్తూ రోగానికి కారణమని వ్యాసంలో రాయవద్దని మనవి.

తార్నాక నుంచి:
ఆ జాగ్రత్త అవసరమే. మిథైల్ సమూహాలు అందాలంటే ఆకుకూరల్లోని ఫోలేట్‌తో పాటు బి12 కూడా కావాలి. అది మొక్కల్లో దొరకదు గనుక శాకాహారుల ఇళ్ళలో గర్భిణుల విషయంలో ఈ సంగతి ముఖ్యం. వ్యాసంలో దీనికి చోటివ్వండి.

నల్లకుంట నుంచి:
తప్పక ఇస్తాను. కానీ శీర్షికలో ‘రా’ వేయాలా, ‘కా’ వేయాలా?

చిక్కడపల్లి నుంచి:
‘రా’.

తార్నాక నుంచి:
‘కా’. మొదటి పాదంలో ‘యుతికిన’ అన్నదీ ‘నుతికిన’ అన్నదీ కూడా విచారించవలసి ఉంది.